లెక్కలోకి వచ్చిన గల్ఫ్ ప్రేక్షకుడు

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఊళ్ల నుంచి సౌదీ అరేబియాకు పనికి వెళ్లినవాళ్లు వేలల్లో ఉంటారు. తెలుగు వినోదరంగం చాలాకాలం వాళ్లను ప్రేక్షకులుగా లెక్కపెట్టలేదు. ఇప్పుడు లెక్కపెడుతోంది. ఈ మార్పు ఎలా వచ్చింది?

సౌదీలో 1980ల మొదట్లో సినిమా హాళ్లు మూతపడ్డాయి. 2018 ఏప్రిల్ 18న రియాద్‌లో మళ్లీ తెరుచుకున్నాయి. నడుమ సుమారు 35 ఏళ్లు టికెట్టు కొని సినిమా చూసే వీలే లేదు. టీవీ ఉండేది. కానీ టీఆర్‌పీ (ఏ కార్యక్రమాన్ని ఎందరు చూశారో చెప్పే కొలత) మన దేశంలో ఎంపిక చేసిన ఇళ్లలోని మీటర్ల నుంచే వస్తుంది. సౌదీలోని దమ్మామ్‌లో కార్మికుల క్యాంపులో టీవీ చూసినవాడు అందులోకి రాడు. అలాంటివాడి కోసం ఖర్చుపెట్టి కార్యక్రమం తీసేదెవరు?

యూట్యూబ్‌లో పద్ధతి వేరు. ఎవరు ఏ దేశం నుంచి, ఎంతసేపు చూశారో అది నమోదు చేస్తుంది. మామూలు వీడియోల మీద వచ్చే ప్రకటనల ఆదాయంలో 55 శాతం ఛానెల్‌కు ఇస్తుంది. చూసేవాళ్లు ఉన్న దేశాన్ని బట్టి ప్రకటన రేటు మారుతుంది. గల్ఫ్‌లో అది సాధారణంగా మన దగ్గరికంటే ఎక్కువ.

జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో మొదలైన ‘మై విలేజ్ షో’ యూట్యూబ్ ఛానెల్‌నే తీసుకోండి. బీడీలు చుట్టి, కూలికి వెళ్లి బతికిన గంగవ్వ అందులో నటించి పేరు తెచ్చుకుంది. 2020లో బిగ్‌బాస్ టీవీ షో దాకా వెళ్లింది. ఆ వీడియోల్లో ఉండేది పండుగలు, పొలం పనులు, చిన్నచిన్న తగాదాలు. మాట్లాడేది తెలంగాణ ఊరి యాస. డ్యూటీ దిగి, వంట చేసుకుని, రెండంతస్తుల మంచం మీద ఇయర్‌ఫోన్ పెట్టుకున్న మనిషికి రెండున్నర గంటల సినిమాకు ఓపిక ఉండదు. పావుగంట వీడియోకు ఉంటుంది.

సినిమాల్లో ఈ యాస చాలాకాలం హాస్యానికి, విలన్లకు పరిమితమైంది. యూట్యూబ్‌లో దానికి ఆదరణ ఉందని తేలింది. 2023 మార్చి 3న వచ్చిన ‘బలగం’ సినిమా మొత్తం ఈ యాసలోనే నడిచింది. మూడు వారాలకే ఓటీటీ (ఇంటర్నెట్‌లో సినిమాలు చూపించే సేవ)లోకి వచ్చింది. అయితే ఓటీటీ హక్కులు దేశాలవారీగా అమ్ముతారు. అందుకే ఇక్కడ దొరికే సినిమా ఒక్కోసారి సౌదీలో దొరకదు.

ఇప్పుడు సౌదీలోని డ్రైవర్లు, గొర్ల కాపర్లు కూడా వీడియోలు తీస్తున్నారు. వాళ్లకు అక్కడి చట్టం తెలిసి ఉండాలి. 2022 నుంచి సోషల్ మీడియాలో డబ్బు తీసుకుని ప్రకటన చేసే వ్యక్తికి అక్కడ లైసెన్సు కావాలి. 2022లో ప్రకటించిన రుసుము మూడేళ్లకు 15,000 రియాళ్లు. నెలకు పన్నెండు వందల రియాళ్ల జీతగాడికి అది ఏడాది సంపాదన కంటే ఎక్కువ. లైసెన్సు లేని విదేశీయులకు ఐదేళ్ల వరకు జైలు, 50 లక్షల రియాళ్ల వరకు జరిమానా ఉండవచ్చని అధికారులు హెచ్చరించారు. ఫోన్ కెమెరాతో ఇతరుల వ్యక్తిగత జీవితంలో తలదూర్చడం కూడా నేరమే.

మీ ఇంటివాళ్లెవరైనా అక్కడి నుంచి వీడియోలు పెడుతుంటే ఈ రెండు సంగతులూ చెప్పండి. సరదాగా తన వంట, తన గది చూపించడం వేరు. డబ్బు తీసుకుని ఒక దుకాణాన్ని పొగడటం వేరు. రెండోదానికి ముందు లైసెన్సు సంగతి కనుక్కోమనండి.