పందెపు కారునకు కాంషాఫ్టు

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన క్రొత్తలో, కాలిఫోర్నియాలో ఎడ్ ఇస్కెండేరియన్ అను యువకుడు తన కారునకు ప్రత్యేకముగా చేసిన కాంషాఫ్టు కావలెననగా, తయారుచేయువారు నెలల తరబడి ఆగుమనిరి. ఆగలేక ఒక పాత సానయంత్రమును కొని, తానే కాంషాఫ్టులు చేయసాగెను. వేగప్రియులలో ఆ పేరు నేటికిని సుప్రసిద్ధము.

కాంషాఫ్టు అనగా గ్రుడ్డు ఆకారపు ఉబ్బులు గల ఇరుసు. క్రాంకుషాఫ్టు రెండు చుట్లు తిరుగులోపల ఇది ఒక చుట్టు తిరుగుచు వాల్వులను తెరచును. స్ప్రింగులు వానిని మూయును. వాల్వు ఎంత తెరచుకొనవలెనో ఉబ్బు ఎత్తును, ఎంతసేపు తెరచియుండవలెనో దాని వెడల్పును నిర్ణయించును. నిమిషమునకు 6,000 చుట్లు తిరుగు ఇంజనులో ఒక్కొక్క వాల్వు సెకనుకు 50 మార్లు తెరచుకొనవలెను. అంత త్వరలో సిలిండరు నిండవలెనన్న వాల్వు ఎక్కువసేపు తెరచియుండుటయే మేలు.

అయితే అదే ఇంజను మెల్లగా తిరుగునపుడు, లోనికి వచ్చిన పెట్రోలు కలిసిన గాలి కొంత వెనుకకు మరలును. బండి నిలిచియున్నపుడు ఇంజను కుంటుచు వణకును. క్రొత్తవారికి మాత్రము పెద్ద ఉబ్బు మీదనే మోజు! పని తెలిసినవాడు కారు బరువెంత, గేర్ల నిష్పత్తి యెంత, ఇంజను ఏ వేగమున ఎక్కువసేపు తిరుగును అని ముందుగా అడుగును.

మరియొక గండము కలదు. మితిమీరి తెరచుకొన్న వాల్వు పిస్టనును తాకెనా, ఇంజను నుగ్గే. అందుచేత పిస్టను తలపై మెత్తని బంకమట్టి ముద్దనుంచి, ఇంజనును బిగించి, చేతితో రెండు చుట్లు త్రిప్పి, మరల విప్పి, వాల్వు నొక్కినచోట మిగిలిన మట్టిని కోసి మందము కొలుతురు. అది చాలనిచో పిస్టను తలలో గుంట చెక్కించుటయో, ముచ్చటపడి చేయించిన కాంషాఫ్టును మార్చుటయో తప్పదు.