గల్ఫ్‌కు బయల్దేరే ముందే నాలుగు మాటలు

జగిత్యాల, నిజామాబాద్ పల్లెల నుంచి సౌదీకి, దుబాయ్‌కి కూలి పనికి వెళ్లేవాళ్లు, కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు ఇంటి పనికి వెళ్లే ఆడవాళ్లు పాస్‌పోర్టు, వీసా, మెడికల్, టికెట్ అన్నీ సరిచూసుకుంటారు. అరబ్బీ మాత్రం అక్కడికి వెళ్లాక అదే వస్తుందిలే అనుకుంటారు. వస్తుంది, నిజమే. కానీ జబ్బు, ప్రమాదం, మోసం అప్పటిదాకా ఆగవు. మాట రానివాళ్ల తరఫున మరొకరు మాట్లాడతారు. ఆ మనిషి ఏం చెప్పాడో, ఏం దాచాడో తెలిసే దారి ఉండదు. అందుకే బయల్దేరే ముందే నేర్చుకున్న నాలుగు అరబ్బీ మాటలూ వీసాతో సమానమైన రక్షణ.

పని ఒప్పందాన్నే తీసుకోండి. సౌదీ, కువైట్ కార్మిక చట్టాల ప్రకారం అరబ్బీ ప్రతికీ మరో భాషలోని ప్రతికీ తేడా వస్తే అరబ్బీదే చెల్లుతుంది. అరబ్బీ చదవడం నేర్చుకోవడానికి నెలలు పట్టవచ్చు గానీ, పది అంకెలకు ఒక పూట చాలు. అక్షరాలు కుడి నుంచి ఎడమకు సాగినా, అంకెలు మనలాగే ఎడమ నుంచి కుడికి ఉంటాయి. అయిదు మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది, సున్నా చిన్న చుక్క, ఆరు చూడగానే ఏడు అనిపిస్తుంది. ఇవి తెలిస్తే జీతం దగ్గర ఎంత వేశారో సంతకానికి ముందే సొంత కళ్లతో చూసుకోవచ్చు.

గల్ఫ్‌లో హిందీతో నెట్టుకురావచ్చు కదా అంటారు. క్యాంపులో, దుకాణంలో సరే. అరబ్బుల ఇంట్లో, పోలీస్ స్టేషన్‌లో, కోర్టులో హిందీ తెలిసినవాళ్లు ఉంటారన్న భరోసా లేదు. ఫోన్‌లో అనువాద యాప్ ఉందిగా అని మరో మాట. అది మంచి సాయమే, నెట్ లేకున్నా పనిచేసేలా ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి కూడా. అయితే ఛార్జింగ్ అయిపోవచ్చు, యజమాని ఫోన్ లాక్కోవచ్చు. నోటికి వచ్చిన మాటను ఎవరూ లాక్కోలేరు.

చదువు రానివాళ్లకు ఇదంతా ఎలా సాధ్యమంటే, చెవితో వింటూ నేర్చుకోవచ్చు. ఊళ్లోనే గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లు ఉంటారు. నొప్పికి 'అలమ్', ఆసుపత్రికి 'ముస్తష్ఫా', జీతానికి 'రాతిబ్' లాంటి మాటలు వాళ్ల చేత పలికించి రికార్డు చేసుకుని రోజూ వింటే నెల రోజుల్లో అవసరానికి సరిపడా వస్తుంది. పేరు, రక్తం గ్రూపు, వాడే మందులు, పడని మందులు అరబ్బీలో రాయించిన కాగితం జేబులో ఉండాలి. అదే కాగితంపై అత్యవసర నంబర్లూ రాసుకోవాలి: కువైట్‌లో 112, అంబులెన్సుకు సౌదీలో 997, యూఏఈలో 998. విదేశాంగ శాఖ 2018లో మొదలుపెట్టిన ప్రయాణ పూర్వ శిక్షణ ఒక్క రోజుదే, ఆ ఒక్క రోజులో భాష పట్టుబడదు. వీసా కోసం అప్పు చేసి లక్షలు కడుతున్న కుటుంబాలు ఈ నెల రోజుల సాధనకూ పట్టుబట్టాలి. దీనికయ్యే ఖర్చు దాదాపు ఏమీ లేదు. ఇది లేకపోతే మాత్రం జీతానికీ, ఒక్కోసారి ప్రాణానికీ ముప్పు.