కొమ్మకు కాసిన పట్టుగూళ్ళు

జపాను పల్లెల్లో ఋతువు మారితే వంటింట్లో ఉండ మారుతుంది. బియ్యప్పిండిని వేడినీళ్ళతో తడిపి, బాగా మర్దించి, ఉండలు చేసి ఉడికిస్తారు. వీటిని ‘డాంగో’ అంటారు. చూడబోతే మన ఉండ్రాళ్ళే. అయితే రవ్వతో కాక మెత్తని పిండితో చేస్తారు గనుక కొంచెం సాగుతాయి.

చెర్రీ చెట్లు పూసేటప్పుడు గులాబి, తెలుపు, ఆకుపచ్చ ఉండలు మూడు ఒకే పుల్లకు గుచ్చుతారు. నీగాతా ప్రాంతంలో మాచిపత్రి జాతి ఆకు పిండిలో కలిపి, వెదురుజాతి మొక్క ఆకుల్లో చుట్టి కడతారు. ఆ ఆకు ఉండను త్వరగా పాడుకానివ్వదు.

శరత్కాలంలో, పాత పంచాంగం ప్రకారం ఎనిమిదవ నెల పదిహేనవ రాత్రి, చంద్రునికి 15 ఉండలు నైవేద్యం పెడతారు. అడుగున 9, వాటిపై 4, కొనన 2. కొన్ని పల్లెల్లో ఆ రాత్రి పిల్లలు ఈ ఉండలను దొంగిలించవచ్చు! పొడుగాటి కర్రకు మేకు బిగించి, వసారాలోని ఉండలను గుచ్చి లాక్కుపోతారు. ఉండలు పోతే ఇంటికి శుభమట. అందుచేత పెద్దలు చూసీ చూడనట్టు ఊరుకుంటారు. (ఇది చదివి వినాయకచవితినాడు మీ ఇంట్లో ప్రయత్నించకండి!)

అన్నిటికంటె నాకు నచ్చినవి ‘మయుదమ’లు. ‘మయు’ అంటే పట్టుగూడు, ‘దమ’ అంటే ఉండ. గున్మా, నాగానో మొదలైన ప్రాంతాలలో ఒకప్పుడు ఎన్నో కుటుంబాలకు పట్టుపురుగులే ఆధారం. హిందూపురం వైపు పిల్లలకు నేను చెప్పనక్కరలేదు: ఆ పురుగు మల్బరీ ఆకు తప్ప మరొకటి ముట్టదు. సుమారు ఇరవై అయిదు రోజులు మేసి, నాలుగుసార్లు కుబుసం విడిచి, అప్పుడు గూడు కడుతుంది. వేల పురుగులు ఒక్కసారి మేస్తుంటే పైకప్పుమీద వాన కురుస్తున్నట్టు చప్పుడవుతుంది.

వసంతంలో ఒక్క రాత్రి గడ్డకట్టే చలి వేసి మల్బరీ చిగురు మాడిపోయిందా, పురుగులకు మేత లేదు. రోగం సోకిందా, పురుగులే లేవు. అప్పు తీరడమూ, పిల్లలకు బట్టలు రావడమూ ఆ గూళ్ళమీదనే ఆధారపడేవి. అందుకే అక్కడివారు పురుగుకు ‘గారు’ చేర్చి ‘ఒకైకోసామ’ అనేవారు.

జనవరి 15 ప్రాంతంలో, పురుగుల కాలానికి ఎన్నో నెలలు ముందుగానే, ఇంటిల్లిపాదీ కూర్చుని బియ్యప్పిండితో పట్టుగూళ్ళు చేస్తారు. కొన్ని గుండ్రంగా, కొన్ని వేరుశనగకాయలా నడుము నొక్కి ఉంటాయి. వాటిని మల్బరీ కొమ్మలకు గుచ్చి ఇంట్లో నిలబెడితే, కొమ్మనిండా గూళ్ళు కాసినట్టుంటుంది. ఈ ఏడు నిజంగా ఇలాగే పండాలని మొక్కు.

1929లో జపానులో 22 లక్షల కుటుంబాలు పట్టుపురుగులను పెంచేవి. ఆ ఏడాదే అమెరికాలో ఆర్థికమాంద్యం మొదలై, పట్టు కొనే చేతులు ముడుచుకున్నాయి. తరువాత నైలాను వచ్చింది. ఇప్పుడా కుటుంబాలు రెండువందలకు లోపే.

పురుగులు పోయినా ఉండలు పోలేదు. పట్టుపురుగును ఎన్నడూ పెంచని ఇళ్ళ పిల్లలు కూడా కొమ్మలకు ఉండలు గుచ్చుతూనే ఉన్నారు. మన భోగిమంటల రోజులలోనే అక్కడా ఊళ్ళో కొత్త సంవత్సరపు అలంకారాలన్నీ పోగుచేసి మంట వేస్తారు. పిల్లలు పొడుగాటి కర్రల చివర ఉండలు పెట్టి ఆ మంటలో కాల్చుకుంటారు. అది తింటే ఏడాదంతా జలుబు రాదని పెద్దల మాట. పైన నల్లగా మాడిన ఉండను ఊదుకుంటూ తుంచితే, లోపల తెల్లగా పొగలు కక్కుతూ ఉంటుంది.