సర్వర్ల శీతలీకరణ: ఉష్ణ మార్గం – స్థానిక వాతావరణం

ఉపోద్ఘాతం

2022 జూలై 19న బ్రిటన్‌లో ఉష్ణోగ్రత తొలిసారిగా 40 డిగ్రీల సెల్సియస్‌ను దాటింది. ఆ రోజు లండన్‌లోని గైస్ అండ్ సెయింట్ థామస్ ఆసుపత్రుల రెండు డేటా కేంద్రాలూ వేడికి తట్టుకోలేక నిలిచిపోయాయి. సిబ్బంది రోగుల వివరాలను కాగితాలపై నమోదు చేయవలసి వచ్చింది. సర్వర్ల శీతలీకరణ కేవలం యంత్ర నిర్వహణకు సంబంధించినది కాదని, ప్రజాసేవల కొనసాగింపుతో ముడిపడిన అంశమని ఈ ఘటన స్పష్టం చేస్తున్నది.

ఉష్ణం ప్రయాణించే మార్గం

సర్వర్ వినియోగించే విద్యుత్తు దాదాపుగా మొత్తం ఉష్ణంగానే మారుతుంది. శీతలీకరణ ఆ ఉష్ణాన్ని నశింపజేయదు. వేరొక చోటికి తరలిస్తుంది. ప్రాసెసర్ నుంచి హీట్ సింక్‌కు, అక్కడి నుంచి గాలికి, గాలి నుంచి శీతలీకరణ యంత్రానికి, చివరకు భవనం వెలుపలికి ఉష్ణం చేరాలి. వీటిలో ఏ ఒక్క దశ మందగించినా దానికి ముందున్న దశలన్నింటిలో ఉష్ణోగ్రత పెరుగుతుంది. అప్పుడు ప్రాసెసర్ మొదట తన వేగాన్ని తగ్గించుకుంటుంది; అది చాలనప్పుడు ఆగిపోతుంది.

గాలి ప్రవాహ నియంత్రణ

గాలి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు మించి పెరగకుండా 1 కిలోవాట్ ఉష్ణాన్ని తొలగించడానికి సెకనుకు సుమారు 83 లీటర్ల గాలి అవసరం. గది చల్లగా ఉన్నంత మాత్రాన ఆ గాలి సర్వర్‌లోకి చేరుతుందని చెప్పలేము. ర్యాక్‌లోని ఖాళీ అరల గుండా వెనుకవైపు వేడిగాలి తిరిగి ముందుకు వస్తే, సర్వర్ ఆ వేడిగాలినే పీల్చుకుంటుంది. అందువల్ల ర్యాక్‌లను ఎదురెదురుగా అమర్చి చల్లని నడవను, వేడి నడవను వేరుచేస్తారు. ఖాళీ అరలను పలకలతో మూసివేస్తారు.

సర్వర్‌లోకి ప్రవేశించే గాలికి ఆష్రే సంస్థ సిఫారసు చేసిన ఉష్ణోగ్రత 18 నుంచి 27 డిగ్రీలు. ప్రవాహ లోపాన్ని సరిదిద్దకుండా గదిని అంతకంటే చల్లబరచడం విద్యుత్తును వృథా చేయడమే. ఫ్యాన్ వేగాన్ని 20 శాతం తగ్గించగలిగితే, దాని విద్యుత్ వినియోగం సిద్ధాంతరీత్యా దాదాపు సగమవుతుంది. ర్యాక్‌లో ఉష్ణ సాంద్రత మరీ పెరిగినప్పుడు గాలి చాలదు. సమాన ఘనపరిమాణంలో నీరు గాలి కంటే సుమారు 3,500 రెట్లు ఎక్కువ ఉష్ణాన్ని మోయగలదు కనుక ద్రవ శీతలీకరణను ఆశ్రయిస్తారు.

వెలుపలి వాతావరణం

చివరి దశ ప్రాంతాన్ని బట్టి మారుతుంది. లండన్‌లో రికార్డుగా నిలిచిన 40 డిగ్రీలు హైదరాబాద్ వేసవిలో అరుదు కాదు. అయితే పొడి వేడిలో కుండ నీరు చల్లబడే సూత్రం, అనగా బాష్పీభవనం, బాగా పనిచేస్తుంది. విశాఖపట్నం వంటి తేమ అధికంగా ఉండే తీరప్రాంతంలో దాని సామర్థ్యం తగ్గుతుంది.

బాష్పీభవనానికి నీరు మూల్యం. 1 కిలోవాట్ ఉష్ణాన్ని గంటసేపు ఈ విధంగా తొలగించడానికి సుమారు 1.5 లీటర్ల నీరు ఆవిరి కావాలి. ఆ లెక్కన 1 మెగావాట్‌కు రోజుకు 36,000 లీటర్లు. నీటి ఎద్దడి తీవ్రమయ్యే నెలల్లోనే ఈ అవసరమూ అధికమవుతుంది. నీటిని ఆదా చేసే పొడి పద్ధతులను ఎంచుకుంటే విద్యుత్ వినియోగం పెరుగుతుంది.

ముగింపు

గాలి ప్రవాహాన్ని సరిదిద్దడం స్వల్ప వ్యయంతో నీటినీ విద్యుత్తునూ ఆదా చేస్తుంది కనుక అది ప్రథమ కర్తవ్యం. ఆ తరువాతి ఎంపిక స్థానిక ఉష్ణోగ్రత, తేమ, నీటి లభ్యతలపై ఆధారపడాలి. గత వేసవుల సగటును కాక, రాబోయే తీవ్ర వేసవిని ప్రమాణంగా తీసుకొని రూపకల్పన చేయాలన్నదే లండన్ ఘటన నేర్పే పాఠం.