“ఎక్కడ నుండి పిలుచుచున్నారు?”

రెడ్డిగూడెం అను పేరు గల ఊరు ఒక్కటే కాదు. తిరువూరు రెవెన్యూ డివిజనులో మండల కేంద్రమైన రెడ్డిగూడెం ఒకటి. పల్నాటి సీమలో రాజుపాలెం మండలమున మరియొకటి. శ్రోతలు మాకు వ్రాయు ఉత్తరములలో ఊరి పేరు మాత్రమే ఉండి జిల్లా పేరు లేనప్పుడు మేము కవరు మీది పోస్టాఫీసు ముద్రను వెలుతురునకు పట్టి చూచుకొందుము. ఉత్తరము విషయములో ఆ కొద్దిపాటి ఆలస్యము వలన ఎవరికిని నష్టము లేదు. పాము కరచిన మనిషి కొరకు అంబులెన్సును పిలుచునప్పుడు మాత్రము అట్టి తీరిక ఉండదు.

అత్యవసర సహాయ కేంద్రములో ఫోను ఎత్తినవారు “ఏమి జరిగినది?” అనియు, “ఎక్కడ?” అనియు అడుగుదురు. ఈ రెండింటిలో రెండవ ప్రశ్నయే కష్టమైనది. జబ్బు ఏమిటో సరిగా చెప్పలేకపోయినను బండి బయలుదేరగలదు. చోటు తెలియనిచో బయలుదేరియు ప్రయోజనము లేదు. ఆ ప్రశ్నకు, కంగారులో ఉన్న మనిషికి బదులుగా, అతని చేతిలోని ఫోనే జవాబు చెప్పునట్లు చేయుట నేడు ఈ రంగములో జరుగుచున్న మార్పులన్నిటిలోను ముఖ్యమైనది.

ఆపదకు ప్రత్యేకముగా ఒక నంబరు ఉండవలెనను ఆలోచన లండనులో పుట్టినది. 1935 నవంబరు 10న వింపోల్ వీధిలోని ఒక ఇంట మంటలు చెలరేగి ఐదుగురు స్త్రీలు మరణించిరి. పొరుగువాడొకడు ఫైరింజనుకై ఫోను చేయగా, ఆ పిలుపు సామాన్యమైన పిలుపులతో పాటు వరుసలో నిలిచిపోయినది. అతడు పత్రికకు ఉత్తరము వ్రాసెను, విచారణ జరిగెను, 1937 జూన్ 30న 999 అను నంబరు లండనులో అమలులోనికి వచ్చెను. ఆ నంబరు మ్రోగినంతనే ఎక్స్‌ఛేంజిలో ఎర్రదీపము వెలిగి కూత వేయు ఏర్పాటు చేసిరి. అమెరికాలో 911 నుండి తొలి పిలుపు 1968 ఫిబ్రవరి 16న అలబామా రాష్ట్రములోని హేలీవిల్ అను చిన్న ఊరిలో జరిగినది. మన దేశములో పోలీసులకు 100, అగ్నిమాపక దళమునకు 101 చిరకాలముగా వాడుకలో ఉన్నవి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైన 108 తెలుగు ఇళ్లలో పసిపిల్లలకు సైతము తెలిసిన అంకె అయినది. పిమ్మట అన్ని సహాయములకు కలిపి 112 అను ఒకే నంబరు వచ్చినది. 2018 నవంబరులో హిమాచల్ ప్రదేశ్‌లో మొదలైన ఈ ఏర్పాటు 2019 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు కూడ విస్తరించినది.

ఇచ్చట ఒక చిత్రమైన సంగతి గమనింపదగియున్నది. పాతకాలపు టెలిఫోనుకు తీగ ఉండెడిది. ఆ తీగ ఎక్స్‌ఛేంజి నుండి బయలుదేరి, స్తంభముల మీదుగా ఒకానొక ఇంటికే చేరెడిది. కనుక పిలిచినవాడు నోరు విప్పకపోయినను, ఏ తీగ మీద పిలుపు వచ్చినదో చూచి చందాదారుల పట్టికలో చిరునామా తీయవచ్చును. సెల్‌ఫోను వచ్చి మనిషిని తీగ నుండి విడుదల చేసినది. అంతటితో ఆ చిరునామా కూడ పోయినది. ఇంత గొప్ప సాధనము ఈ ఒక్క విషయములో మనలను వెనుకకు నడిపించినది.

సెల్‌ఫోను పిలుపును అందుకొనునది టవరు. ఏ టవరు అందుకొనినదో తెలియును గాని, దాని క్రింద మనిషి ఎచ్చట ఉన్నదీ తెలియదు. పట్టణములో టవర్లు దగ్గర దగ్గరగా నుండుట చేత కొంత మేలు. పల్లెలలో ఒక్కొక్క టవరు కొన్ని కిలోమీటర్ల మేర వ్యాపించును. రెడ్డిగూడెం, విస్సన్నపేట, నూజివీడు ప్రాంతములలో ఆ మేర అంతయు మామిడి తోటలే కావచ్చును. తోటకు ఇంటి నంబరు లేదు. వీధి పేరు లేదు. “ఫలానావారి తోట, బావి దాటిన తరువాత చింతచెట్టు ప్రక్క” అని చెప్పినచో ఊరివారు కన్నులు మూసికొని పోగలరు; ఎక్కడో నగరములో కంప్యూటరు ముందు కూర్చున్న ఉద్యోగికి ఆ చింతచెట్టు ఎట్లు తెలియును? పైగా 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినవి. కృష్ణా జిల్లాలోని ఈ మండలము ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. నోటికి అలవాటైన జిల్లా పేరు వేరు, కంప్యూటరు పట్టికలోని పేరు వేరు కావచ్చును.

టవరు చెప్పలేని దానిని ఉపగ్రహములు చెప్పగలవు. ఆకాశములో తిరుగుచున్న అనేక ఉపగ్రహములు తమ వేళను తెలుపు సంకేతములను ఎడతెగక పంపుచుండును. నాలుగింటి సంకేతములైనను అందినచో, ఏది ఎంత ఆలస్యముగా వచ్చినదో లెక్కగట్టి ఫోను తానున్న చోటును తెలిసికొనును. బయలు ప్రదేశములో ఈ లెక్క కొద్ది మీటర్ల తేడాలో సరిపోవును. లెక్క ఫోనులోనే ఉండిపోయినచో ఏమి లాభము? దానిని సహాయ కేంద్రమునకు చేర్చు పద్ధతిని 2014లో బ్రిటనులో ఆరంభించిరి. అత్యవసర నంబరు నొక్కినంతనే ఫోను తనంతట తానే స్థానమును లెక్కించి, మాట సాగుచుండగనే, ఒక సందేశముగా పంపివేయును. 2022 మార్చి 17 నుండి ఐరోపా సమాఖ్యలో అమ్ము స్మార్టు ఫోనులన్నిటికి ఈ శక్తి ఉండి తీరవలెనని నియమము. మన దేశములో 2025 డిసెంబరున ఉత్తరప్రదేశ్ రాష్ట్రము ఆండ్రాయిడ్ ఫోనుల స్థాన సందేశమును తన 112 కేంద్రముతో జతపరచెను. తెలుగు శ్రోతలు “112 ఇండియా” అను యాప్‌ను ఫోనులో పెట్టుకొనినచో దాని ద్వారా స్థానముతో సహా పిలుపు పంపవచ్చును.

ఇంటర్నెట్టు ఇందులో చేయు పని ఏమి? పాత పద్ధతిలో ఒక పిలుపుకు ఒక దారి కేటాయింపబడి, ఆ దారిలో మాట ఒక్కటే నడచెడిది. ఇంటర్నెట్టులో మాటను చిన్న చిన్న మూటలుగా కట్టి, ఒక్కొక్క మూట మీద చేరవలసిన చోటును వ్రాసి పంపుదురు. మాట మూటల ప్రక్కన స్థానపు మూటలు, వ్రాత మూటలు, చిత్రముల మూటలు కూడ అదే బాటలో పోవచ్చును. చెవిటివారు, మూగవారు వ్రాతతో సహాయము కోరగల మార్గము దీనివలననే సుగమమగుచున్నది. మా దృష్టిలో ఇది స్థాన నిర్ణయముకంటె తక్కువ మేలు కాదు.

సరిహద్దు ఊళ్లకు మరియొక ఉపకారము కలదు. తిరువూరు ప్రాంతము తెలంగాణలోని ఖమ్మం జిల్లాను ఆనుకొనియున్నది. అటువైపు టవరు పిలుపును అందుకొనినచో అది పొరుగు రాష్ట్రపు కేంద్రమునకు చేరవచ్చును. అప్పుడు అక్కడి ఉద్యోగి వివరములన్నియు మరల నోటితో చెప్పి అప్పగించుటకు బదులు, వ్రాసిన నమోదును స్థానముతో సహా ఇవతలి కేంద్రమునకు పంపగలుగుట నిజమైన ఆధునికత. రెండు కేంద్రముల కంప్యూటర్లు ఒకే భాష మాట్లాడిననే అది సాధ్యము.

కొత్త పద్ధతికి ఒక బలహీనత లేకపోలేదు. తీగ టెలిఫోనుకు విద్యుత్తు ఎక్స్‌ఛేంజిలోని బ్యాటరీల నుండియే వచ్చెడిది. ఇంట దీపము ఆరినను ఫోను పలికెడిది. నేటి ఇంటర్నెట్టు ఫోనుకు ఇంటిలోని పెట్టె వెలుగుచుండవలెను, సెల్‌ఫోనుకు టవరు నడచుచుండవలెను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును తాకినప్పుడు ఫోనులు మూగబోయినవి. మైలవరం కొండలలో పుట్టిన బుడమేరు 2024 సెప్టెంబరులో విజయవాడ కాలనీలను ముంచినప్పుడు, నీటి నడుమ చిక్కినవారికి ఫోనులో మిగిలిన చార్జింగే పెద్ద ఆస్తి అయినది. టవర్లకు చాలినంత బ్యాటరీ, ఒక కేంద్రము పడిపోయినచో పని అందుకొనుటకు వేరొక చోట మరియొక కేంద్రము — ఈ ఖర్చుకు వెనుదీయు ప్రభుత్వము ఎంత మంచి కంప్యూటర్లు కొనినను చాలదు.

ఇక ఇంటివారు తెలిసికొనవలసిన సంగతులు కొన్ని. వాట్సాప్ వంటి వానితో దేశాంతరమున ఉన్న కుమారునితో మాట్లాడవచ్చును గాని 108కి గాని, 112కి గాని పిలుపు పోదు. మామూలు ఫోను పద్ధతిలోనే నంబరు నొక్కవలెను. 2016 నాటి కేంద్ర ప్రభుత్వ నియమముల ప్రకారము తయారైన బొత్తాముల ఫోనులో 5 గాని 9 గాని కొంతసేపు అదిమి పట్టినచో అత్యవసర పిలుపు పోవును. స్మార్టు ఫోనులో పవరు బొత్తామును వెంట వెంట మూడు మార్లు నొక్కవలెను. ఇంట వృద్ధులున్నచో వారి చేత ఆ బొత్తామును ఒకమారు చూపించుకొనుట మంచిది, నొక్కి పరీక్షింపరాదు. పిలిచినప్పుడు జిల్లా, మండలము, ఊరు, గుర్తు అను వరుసలో చెప్పవలెను. కేంద్రమువారు చాలునని చెప్పువరకు ఫోను పెట్టివేయరాదు. ఆ లోపల ఉపగ్రహముల లెక్క కుదిరి చోటు మరింత సరిగా అందవచ్చును. రాత్రివేళయైనచో ఇంటివారిలో ఒకరు టార్చిలైటుతో రోడ్డు మీదికి పోయి నిలువవలెను. ఉపగ్రహము బండిని తోట వరకు తేగలదు గాని, కంచెకు గేటు ఏ వైపున ఉన్నదో చెప్పలేదు.