షట్టరు దించేలోపు బెజవాడ

ఉదయం ఏడింటికి గాంధీనగర్ సందుల్లో జనం ప్లేట్లు పట్టుకుని, అరుగుల మీద కూర్చునీ స్కూటర్లకు ఆనుకునీ తింటూ కనిపించే చోటికి పదకొండున్నరకు వెళ్లి చూడండి. షట్టరు దించేసి ఉంటుంది. సాయంత్రం అయిదింటికి దాని ముందే ఇంకెవరిదో పునుగుల బండి. వన్‌టౌన్‌లోనూ సత్యనారాయణపురంలోనూ అంతే. విజయవాడలో సరైన టిఫిను దొరకలేదని ఎవరైనా అంటే, వాళ్లు వెళ్లిన వేళ ఏదో ముందు అడగాలి. కావాలని దాక్కునే చోట్లు వేరు. న్యూయార్క్‌లో అలాంటి బార్ ఒకటి ఉంది, 2007లో తెరిచారు. హాట్‌డాగ్ దుకాణంలోకి వెళ్లి, అక్కడి టెలిఫోన్ బూత్ తలుపు తీస్తే లోపలికి దారి. దాక్కోవడమే దాని వ్యాపారం. మనవాళ్లకు అలాంటి ముచ్చట లేదు. రాత్రి రుబ్బిన పిండి అయిపోగానే కొట్టు కట్టేస్తారు. ఎనిమిదిన్నరకు వచ్చినవాడికి అది హోటల్, మధ్యాహ్నం వచ్చినవాడికి తాళం.

ఈ వేళల పట్టింపు ఊరు ఎదిగిన తీరులోనే ఉంది. 1855 నాటికి కృష్ణ మీద ఆనకట్ట పూర్తై, బందరు, ఏలూరు, రైవస్ కాలువలు ఊరి మధ్య నుంచే పారాయి. ఆ శతాబ్దం చివర్లో రైళ్లొచ్చాయి, పోనుపోను మద్రాసు, హౌరా, ఢిల్లీ దారులన్నీ ఇక్కడే కలిశాయి. పడవ దిగినవాడికీ, రైలు మారేవాడికీ గంటసేపట్లో కడుపు నిండాలి. దానికి తోడు సినిమా. 1921లోనే ఇక్కడ మారుతీ సినిమా హాలు వెలిసింది. తర్వాత పంపిణీదారుల ఆఫీసులన్నీ గాంధీనగర్‌కే చేరాయి. శుక్రవారం ఫిల్ము పెట్టెలు బయల్దేరకముందే గుమాస్తాలకు టిఫినూ, రెండో ఆట విడిచాక జనానికి ఇంత వేడి వేడిగా ఏదో ఒకటీ కావలసి వచ్చేవి. నిమ్మకూరు నుంచి చదువుకోవడానికొచ్చిన ఎన్టీ రామారావు సైకిలు మీద పాలు పోసిందీ ఈ ఊరి హోటళ్లకే.

1942 నాటి బాబాయ్ హోటల్ గాంధీనగర్‌లోనే ఉంది. దాన్ని రహస్యమంటే నవ్వుతారు గానీ, తొలిసారి వచ్చినవాళ్లు దాని ముందు నుంచే నడిచి వెళ్లిపోవడం మామూలే. అద్దాల తలుపులూ రంగు దీపాలూ వెతికే కంటికి అది ఆనదు. ఇడ్లీ మీద వెన్నపూస పెడతారు. వేడికి అది కరుగుతుండగానే కారప్పొడి చల్లుకుని, అల్లం పచ్చడిలో అద్దుకుని తినాలి. ముందు వెన్న కమ్మదనం, ఆ వెనక అల్లం ఘాటు, చివర్న కారం. కబుర్లలో పడి అయిదు నిమిషాలు ఆగారా, వెన్నంతా ప్లేటు అడుక్కి చేరుతుంది. సాంబారు కోసం పట్టుబట్టేవాళ్లతో నాకు పేచీ లేదు. కానీ ఆ వెన్న మీద సాంబారు పోయడం మాత్రం అన్యాయం.

మధ్యాహ్నమైతే అసలు వెతుకులాట మొదలవుతుంది. గవర్నరుపేటలో మేడ మెట్ల కింద చెప్పులు గుట్టగా విడిచి ఉంటే, పైన మెస్ ఉన్నట్టే. ఇంటి ముందుగదిలో నాలుగు బల్లలు, వంటగదిలోంచి తాలింపు వాసన. నెలవారీ ఖాతా ఉన్న గుమాస్తాలు మాట్లాడకుండా వచ్చి వాళ్ల కుర్చీల్లో కూర్చుంటారు. కొత్తవాళ్లు మాత్రం “పిన్నిగారూ, భోజనం ఉందాండీ?” అని గుమ్మంలోనే అడగాలి. రెండు దాటాక అడిగితే పప్పు అయిపోయిందనే చెబుతారు.

ఇలాంటి చోట అదృష్టం బాగుంటే ఉలవచారు తగులుతుంది. ట్రాక్టర్లు రాకముందు డెల్టాలో ప్రతి రైతింటి దొడ్లో ఎద్దులకు ఉలవలు ఉడికేవి. గింజలు గిత్తలకు, నీళ్లు మనుషులకు. ఆ నీటిని చింతపండు పులుపుతో కుంపటి మీద గంటల తరబడి మరిగిస్తే, పలచని కషాయం కాస్తా గరిటెను అంటుకునేంత చిక్కబడి నల్లబడుతుంది. వేడన్నంలో కలిపి మీద మీగడ వేసుకోవాలి. ఎద్దులు పోయాయి, దాణా పోయింది, చారు మాత్రం పెళ్లి విందుల్లోకి ఎక్కింది. గిన్నెడు చారుకు ఇంకా అంత నిప్పు, అంత ఓపికా కావాల్సిందే. అందుకే చిన్న మెస్సుల్లో రోజూ ఉండదు.

ఇక దొంగచాటు బార్లు. ఈ డెల్టాకు వాటి చరిత్ర చాలానే ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1937లో సేలం జిల్లాతో మొదలైన మద్యనిషేధం 1948కల్లా రాష్ట్రమంతటా పాకింది, కృష్ణా జిల్లాతో సహా. ఆంధ్రరాష్ట్రం ఏర్పడ్డాక ఈ నిషేధం మీది రగడలోనే 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. కృష్ణ మీద 1957లో పూర్తయిన 1,223 మీటర్ల బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు. దాని మీద సాయంత్రం గాలికి నిలబడేవాళ్లలో ఎంతమందికి ఆ సంగతి గుర్తుందో! ఒకప్పుడు ఈ ఊళ్లో పాలు పోసిన రామారావు ముఖ్యమంత్రిగా 1995 జనవరిలో మళ్లీ నిషేధం తెచ్చారు. 1997లో అది సడలింది. ఆ రెండేళ్లూ పుదుచ్చేరి కిందున్న యానాం పేరు చెబితే తాగేవాళ్ల కళ్లు మెరిసేవి.

చట్టాలు వచ్చాయి, పోయాయి. డెల్టాకు పాతకాలం నుంచీ ఉన్న బార్ కల్లుపాక. కాలువ గట్ల మీదా పొలం గట్ల మీదా తాళ్లు వరుసగా నిలబడ్డ చోట, తాటాకు కప్పు, రెండు బల్లలు, దగ్గర్లో ఎండుచేపలు వేగుతున్న వాసన. బోర్డు ఉండదు. గీత కార్మికుడు మోకు కట్టుకుని పొద్దునా సాయంత్రమూ చెట్టెక్కి, గెల కొసను పలచగా చెక్కి కింద లొట్టి కడతాడు. లొట్టి లోపల సున్నం పూస్తే పులియడం ఆగుతుంది, దిగేది తియ్యటి నీరా. సున్నం లేకపోతే గాల్లోనూ కుండలోనూ ఉండే ఈస్టు వెంటనే పనిలోకి దిగుతుంది. పొద్దున తీపి ఎక్కువ, మత్తు తక్కువ. ఎండెక్కేకొద్దీ పులుపూ మత్తూ పెరుగుతాయి, సాయంత్రానికి ముక్కు పట్టుకోవాలి. ఈత కల్లు చలికాలానిది, తాటి కల్లు ఎండలది. ఇంత కచ్చితంగా గంటల లెక్కన మారిపోయే సరుకు ఏ ఖరీదైన బార్లోనూ దొరకదు. కల్తీ భయం ఉన్నవాళ్లు చెట్టు దిగుతున్న లొట్టిలోంచి పోయించుకోవడమే మేలు.

వెళ్లాలనుకుంటే: గాంధీనగర్‌కు రైల్వేస్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు, నెహ్రూ బస్టాండు నుంచైతే ఆటో. టిఫిన్లకు తొమ్మిదిలోపు, మెస్సులకు ఒంటిగంటలోపు చేరుకోవాలి. పునుగుల బండ్లు పొద్దువాలాక బీసెంటు రోడ్డు చుట్టుపక్కల ఎటు తిరిగినా తగులుతాయి. చిల్లర దగ్గరుంచుకోండి. కల్లుపాకలకు దారి ఊరివాళ్లే చెప్పాలి. బందరు రోడ్డు మీద ఉయ్యూరు దాటాక టీ కొట్టు దగ్గర “అన్నా” అని పలకరిస్తే చాలు. తాగే ఉద్దేశం ఉంటే బండి తోలేవాణ్ని వేరే పెట్టుకోండి. అదే రోడ్డు మీద విజయవాడ నుంచి సుమారు 70 కిలోమీటర్లు పోతే బందరు. అక్కడి తొక్కుడు లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. శనగపిండి జంతికల్లా వేయించి, రోట్లో దంచి, జల్లించి, బెల్లం పాకంలో కలిపి మళ్లీ దంచుతారు. దీనికి మాత్రం వేళతో పని లేదు, మర్నాటికీ బాగుంటుంది.