మిక్సీ అమ్మే పేజీ ఏం చెప్పాలి?

హైదరాబాద్ బేగంబజార్‌లో గిన్నెల దుకాణానికి వెళ్లి మిక్సీ కావాలంటే, ధర కంటే ముందు వినిపించే మాట: "ఇంట్లో ఎంతమందమ్మా? ఇడ్లీ పిండి కూడా ఇందులోనే వేస్తారా?" జవాబు వినగానే అరల్లోంచి రెండో మూడో డబ్బాలు కిందికి దిగుతాయి. అదే మనిషి ఫోన్‌లో వెతికితే వందల బొమ్మలు, ప్రతిదాని కిందా ఒకేలాంటి వరుస: 750 వాట్లు, మూడు జార్లు, రెండేళ్ల వారంటీ. ఇద్దరికి సరిపడే కొద్దిపాటి పచ్చడి చిన్న జారులో నలుగుతుందా, బ్లేడుకు అందకుండా అంచులకే అంటుకుంటుందా అన్నది చాలా పేజీల్లో ఉండదు. వంటింటి సామాన్లు అమ్మే ఆన్‌లైన్ దుకాణాన్ని కొత్తగా తీర్చిదిద్దాలనుకునేవారు పని మొదలుపెట్టాల్సింది ఇక్కడే. రంగులు, బ్యానర్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

చీర కొంటే నచ్చితే చాలు. వంటింటి యంత్రం నచ్చడంతో సరిపోదు, ఇంట్లో ఉన్నవాటితో కుదరాలి. ఇండక్షన్ స్టవ్ మీద అయస్కాంతం అంటుకునే అడుగున్న గిన్నెలే వేడెక్కుతాయి. ఇంట్లో ఏళ్ల తరబడి వాడుతున్న మామూలు అల్యూమినియం కుక్కర్ దానిమీద పనికిరాదు. ఈ ఒక్క వాక్యం ధర పక్కనే, పెద్ద అక్షరాల్లో ఉంటే స్టవ్ ఇంటికొచ్చాక తెల్లబోయే పని ఉండదు. పెద్ద ఓవెన్లకు 16 ఆంపియర్ల ప్లగ్గు కావాలి, చాలా వంటిళ్లలో గట్టు మీద ఉండేవి 6 ఆంపియర్లవే. టిల్టింగ్ గ్రైండర్‌ను వంచడానికి ముందువైపు ఎంత జాగా వదలాలో కూడా కొలతతో చెప్పాలి.

అమెరికాలో కాపురం పెట్టిన తెలుగువాళ్లకు ఈ కుదరడమనే సమస్య ఇంకోలా ఎదురవుతుంది. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అందుకే వాళ్లు 110 వోల్టులవని అమ్మే మిక్సీల కోసం వెతుకుతారు. వాళ్లకు అమ్మే దుకాణంలో బ్రాండు, రంగు ఎంచుకోమని అడిగేముందు వోల్టేజీ అడగాలి.

సరుకు ఎంచుకున్నాక వచ్చే చిక్కులు వేరు. జారెడ్ స్పూల్ అనే అమెరికన్ డిజైన్ నిపుణుడు 2009లో ఒక పెద్ద దుకాణం అనుభవాన్ని, పేరు చెప్పకుండా, రాశారు. అక్కడ బుట్ట నింపుకున్నవాళ్లకు డబ్బు కట్టేముందు ఒక ఫారం అడ్డుపడేది: ఖాతా ఉంటే లాగిన్ అవ్వాలి, లేకపోతే తెరవాలి. పాస్‌వర్డ్ మరచిపోయినవాళ్లు అక్కడే ఆగిపోయేవారు. "రిజిస్టర్" బటన్ తీసేసి "కొనసాగించండి" అని పెట్టి, ఖాతా తప్పనిసరి కాదని ఒక మాట చేర్చారు. కొనుగోలు పూర్తిచేసేవారు 45 శాతం పెరిగారు. తొలి ఏడాది అదనపు అమ్మకాలు 30 కోట్ల డాలర్లు.

దీనికి పూర్తిగా ఎదురు కథ బ్రిటన్‌ది. అక్కడి దుకాణాల సంస్థ మార్క్స్ అండ్ స్పెన్సర్ 15 కోట్ల పౌండ్లు పోసి 2014 ఫిబ్రవరిలో సరికొత్త వెబ్‌సైట్ తెరిచింది. పాత ఖాతాదారులంతా మళ్లీ నమోదు చేసుకోవాలంది. జూన్‌తో ముగిసిన త్రైమాసికంలో ఆన్‌లైన్ అమ్మకాలు 8.1 శాతం పడిపోయాయి. కొత్తదనం కోసం పాత కొనుగోలుదారుకు అలవాటైన దారి మూసేస్తే ఎంత నష్టమో ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ దొరకదు.

ఆన్‌లైన్‌లో నింపిన బుట్టల్లో సగటున 70 శాతం కొనకుండానే మిగిలిపోతాయని డెన్మార్క్‌లోని బేమార్డ్ ఇన్‌స్టిట్యూట్ లెక్కగట్టింది. ఊరికే చూసిపోయేవారిని పక్కనపెడితే, ముఖ్య కారణం చివర్లో పైనపడే డెలివరీ, పన్నుల ఖర్చు. మన దేశంలో ఇలాంటివాటిని ఆపడానికి ఇప్పుడు చట్టం తోడుంది. 2023 నవంబరులో వచ్చిన మార్గదర్శకాలు కొనుగోలుదారును ఏమార్చే 13 పద్ధతులను నిషేధించాయి. అడగని వస్తువును బుట్టలో చేర్చడం, ధరను విడతలుగా బయటపెట్టడం, "ఒక్కటే మిగిలింది" అంటూ అబద్ధపు తొందర పెట్టడం వాటిలో ఉన్నాయి. మిక్సీతోపాటు పొడిగించిన వారంటీకి ముందే టిక్కు పెట్టి ఉంచే అలవాటును దుకాణాలు వెంటనే మానుకోవాలి.

వంటింట్లో నమ్మకం ప్రాణాలకు సంబంధించింది కూడా. 2021 ఫిబ్రవరి 1 నుంచి ప్రెషర్ కుక్కర్లకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి అయింది. ఆ ప్రమాణం లేని కుక్కర్లు అమ్ముడయ్యాయని 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌లకు లక్ష రూపాయల చొప్పున జరిమానా వేసింది. మొదటిచోట 2,265, రెండోచోట 598 కుక్కర్లు. కొన్నవాళ్లకు తెలియజేసి, సరుకు వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వమంది. కాబట్టి మార్కు బొమ్మ ఒక్కటే చాలదు. లైసెన్సు నంబరు చదవడానికి వీలుగా వేస్తే కొనేవాళ్లు ఆ మార్కు ఇచ్చే సంస్థ యాప్ బీఐఎస్ కేర్‌లో తామే సరిచూసుకుంటారు.

ఫ్లిప్‌కార్ట్, అమెజాన్ రెండూ 2020లో తెలుగులోకి వచ్చాయి. అది మంచి మలుపే. అయితే మెనూలు తెలుగులో ఉంటే సరిపోదు, వెతుకులాట కూడా మన వంటింటి మాటలు పట్టుకోవాలి. "పిండి రుబ్బే మిషన్" అని కొట్టినా, మైకులో చెప్పినా వెట్ గ్రైండర్లు రావాలి.

ఇక కొన్నాక. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. కానీ చాలా ఇళ్లలో అవసరం ఫిర్యాదు దాకా వెళ్లదు. కుక్కర్ గ్యాస్కెట్ సాగిపోతుంది, మిక్సీ కప్లర్ అరిగిపోతుంది. మోడల్ నంబరు పెట్టెతోపాటే ఎప్పుడో పాత పేపర్లలోకి వెళ్లిపోయి ఉంటుంది. ఆ నంబరు దుకాణం దగ్గర భద్రంగా ఉంది. పాత ఆర్డరు తెరవగానే దానికి సరిపోయే గ్యాస్కెట్, జారు, కప్లర్ ధరలతో కనిపించేలా చేయడం కష్టమైన సాంకేతికత కాదు. కొత్త డిజైన్‌లో దానికి చోటివ్వాలి.